ఇంటికి చెప్పని లెక్క

"ఎన్ని సప్లీలు ఉన్నాయి?" అని అడిగాను.

"కొన్ని ఉన్నాయి సార్."

"కొన్ని అంటే?"

"నాలుగో ఐదో ఉంటాయి సార్."

మూడో సంవత్సరం మెకానికల్ కుర్రాడు. అటెండెన్స్ బాగా పడిపోయిందని నా గదికి పిలిపించాను. ఆ సెక్షన్‌కి మెంటర్‌ని నేనే. ఎందుకు రావడం లేదని అడిగితే తలనొప్పి అన్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు. పొద్దున లేవగానే కడుపులో తిప్పుతోందన్నాడు. చివరికి, "ఏదో టెన్షన్‌గా ఉంటోంది సార్, ఎందుకో తెలీడం లేదు" అన్నాడు.

తెల్లకాగితం, పెన్ను ఇచ్చి, ఉండిపోయిన సబ్జెక్టుల పేర్లు రాయమన్నాను. మొదటి మూడూ గబగబా రాసేశాడు. నాలుగోది రాసి ఆగాడు. ఐదోదానికి వచ్చేసరికి అక్షరాలు చిన్నవైపోయాయి. ఆ తర్వాత పెన్నుకి మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆరో పేరు కూడా రాశాడు.

ఆరు. ఆ అంకెను అతను రెండేళ్లుగా మోస్తున్నాడు గానీ, అన్నీ ఒకచోట రాసి చూసుకోవడం అదే మొదటిసారి. ఇంట్లో ఎవరికీ తెలియదు. రూమ్మేట్లలో ఒకడికి మాత్రం "రెండు ఉన్నాయిరా" అని చెప్పాడట.

నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో నా గదికి టెన్షన్ అని వచ్చిన పిల్లల్లో చాలామందికి ఇలాంటి లెక్క ఒకటి ఉంది. కొందరికి సప్లీలు, కొందరికి అటెండెన్స్, కొందరికి హాస్టల్ బకాయి, ఇంకొందరికి ఇష్టం లేకుండా తీసుకున్న బ్రాంచి. లెక్క ఏదైనా దాచే తీరు మాత్రం ఒకటే. ముందు ఇంటి దగ్గర దాస్తారు, తర్వాత స్నేహితుల దగ్గర. ఆఖరికి తమ దగ్గర తామే దాచుకుంటారు. ఈ అధ్యాయంలో నిద్ర గురించీ, చదివే పద్ధతి గురించీ, పరీక్ష హాల్లో గుండె దడ గురించీ కూడా చెబుతాను. కానీ నా మనసంతా ఈ లెక్క మీదే ఉంది.

పి బై ఏ

ఇంటర్ తెలుగు మీడియంలో ఫిజిక్స్ చదివినవాళ్లకు 'ప్రతిబలం', 'వికృతి' అనే మాటలు గుర్తుండే ఉంటాయి. ఇంగ్లిష్ మీడియం వాళ్లకు అవే స్ట్రెస్, స్ట్రెయిన్. మనం రోజూ వాడే స్ట్రెస్ అనే మాట వైద్యంలోకి వచ్చింది అక్కడి నుంచే. హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త కెనడాలోని మాంట్రియల్‌లో ఎలుకల మీద ప్రయోగాలు చేసి, దెబ్బ ఏ రకానిదైనా శరీరం ఇంచుమించు ఒకే తీరుగా స్పందిస్తోందని 1936లో 'నేచర్' పత్రికలో రాశాడు. ఆ తర్వాత ఆ స్పందనకు పేరు కావాల్సి వచ్చి, ఇంజనీరింగ్ వాళ్ల మాటను తెచ్చుకున్నాడు.

స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ మొదటి క్లాసులో బోర్డు మీద రాసే ఫార్ములా ఏమిటి? పి బై ఏ. బరువును వైశాల్యంతో భాగించాలి. బరువు అంతే ఉన్నా, అది పడే చోటు చిన్నదైతే ప్రతిబలం పెరుగుతుంది. గుండుసూది బొటనవేలి చిన్న ఒత్తుకే దిగిపోతుంది. అదే బలంతో గరిటె కాడని నొక్కితే చర్మం మీద గీత కూడా పడదు.

ఈ మాట నేను క్లాసులో వందసార్లు చెప్పి ఉంటాను. అది పిల్లల బతుక్కి కూడా వర్తిస్తుందని ఆ మెకానికల్ కుర్రాడి కాగితం చూసినప్పుడు తట్టింది. పరీక్షల బరువును నేను తగ్గించలేను. సిలబస్ యూనివర్సిటీ ఇస్తుంది, ఫీజు కాలేజీ పెడుతుంది, అప్పు ఊళ్లో ఉంటుంది. నీ చేతిలో ఉన్నది కింద రాసిన 'ఏ' ఒక్కటే. ఆరు సబ్జెక్టులూ ఒకే రాత్రి మీద పడితే ఒక లెక్క, నలభై రోజుల మీద పరిస్తే ఇంకో లెక్క. నువ్వొక్కడివే మోస్తే ఒక తీరు, ఇంట్లో ఒకరు, కాలేజీలో ఒకరు చెయ్యి వేస్తే మరో తీరు.

కడుపులో తిప్పడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చాలామంది దాన్ని గ్యాస్ అనుకుని మందుల షాపు నుంచి మాత్రలు తెచ్చుకుంటారు. హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే శరీరశాస్త్రవేత్త పిల్లుల జీర్ణక్రియను ఎక్స్‌రేలో గమనిస్తుండగా, పిల్లి బెదరగానే దాని కడుపు కదలిక ఆగిపోవడం చూశాడు. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం కొట్లాటకో పరుగుకో సిద్ధమవుతుందని 1915లో పుస్తకం రాశాడు. రక్తం కండరాలకు మళ్లుతుంది, గుండె వేగం పెరుగుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. పులి ఎదురైతే ఇదంతా కావాలి. రిజల్ట్స్ లింకు వచ్చినా మన శరీరం అదే పని చేస్తుంది. పులి ఐదు నిమిషాల్లో వెళ్లిపోతుంది. దాచిన లెక్క ప్రతి పొద్దునా నీతోపాటే లేస్తుంది, అందుకే ఆ తిప్పడం ఆగదు. వారాల తరబడి ఉంటే మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించుకో. నిజంగా కడుపు జబ్బు కూడా అయి ఉండొచ్చు.

ఎస్టీడీ బూత్

నా సంగతి చెబుతాను. మాది వినుకొండ దగ్గర పల్లె. నాన్న మిరప వేసేవాడు. నన్ను హైదరాబాదులో ఇంజనీరింగ్‌లో చేర్పించడానికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర డబ్బు తెచ్చాడు. 1990ల చివరి సంగతి. మొదటి సంవత్సరం అప్పుడు సెమిస్టర్లు లేవు, ఏడాదికి ఒకటే పరీక్ష. నాకు లెక్కల పేపరు ఎం-1 పోయింది. పదో తరగతి వరకు మా మండలంలో లెక్కలు బాగా చేసేవాడినని పేరున్నవాణ్ణి.

ఆదివారం రాత్రి ఎస్టీడీ బూత్ నుంచి ఊరికి ఫోన్ చేసేవాణ్ణి. మా ఇంట్లో ఫోన్ లేదు, పక్కింటికి చేస్తే వాళ్లు కేకేసేవాళ్లు. నాన్న వచ్చి రిసీవర్ అందుకునేదాకా మీటరు తిరుగుతూనే ఉండేది. ఆయన అడిగేది ఎప్పుడూ ఒక్క మాటే: "ఏరా, చదువు ఎట్టా ఉంది?" నేను చెప్పేదీ ఒక్క మాటే: "బాగానే ఉంది నాన్నా." మొత్తం నిమిషం కూడా పట్టేది కాదు. కానీ శుక్రవారం సాయంత్రం నుంచే నాకు ఆదివారం ఫోన్ గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. ఎం-1 కోసం నేను బాధపడింది తక్కువ. ఆ ఒక్క నిమిషం కోసం వారమంతా బాధపడ్డాను. ఏడాదిన్నర అలాగే గడిచింది. ఆ ఏడాదిన్నరలో ఎం-1 పుస్తకం తెరవలేదు. తెరిస్తే నాన్న గొంతు వినపడేది.

పక్క ఊరి అబ్బాయి మా కాలేజీలోనే చదివేవాడు. అతను సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మాటల్లో చెప్పేశాడు. పండగైన వారానికి నాన్న చెప్పాపెట్టకుండా హాస్టల్‌కి వచ్చాడు. సంచిలో అరిసెలు, చిన్న సీసాలో నెయ్యి. మంచం మీద కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చెబితే ఏమైద్దిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ వేసవిలో నలభై రోజులు చదివి ఎం-1 గట్టెక్కాను. ఆ పేపరు నేను ఏడాదిన్నరగా ఊహించుకున్నంత కష్టంగా లేదు.

కాగితం

ఆరు పేర్లు రాసిన కాగితం దగ్గరికి మళ్లీ వస్తాను. దాన్ని ఎలా ముందుకు తీసుకెళ్లామో వివరంగా చెబుతాను. నువ్వు చేయాల్సిన పని కూడా అదే.

ప్రతి సబ్జెక్టు పక్కనా ఇంటర్నల్ మార్కులు రాయించాను. ఆ బ్యాచ్‌కి ఇంటర్నల్స్ 25, సెమిస్టర్ పరీక్ష 75. పాసవాలంటే పరీక్షలో కనీసం 26 రావాలి, రెండూ కలిపి కనీసం 40 ఉండాలి. నీ రెగ్యులేషన్‌లో ఈ అంకెలు వేరుగా ఉండొచ్చు, సీనియర్లను కాకుండా ఎగ్జామ్ బ్రాంచిలో అడుగు. అతనికి ఒక సబ్జెక్టులో ఇంటర్నల్స్ 17 ఉన్నాయి, అంటే 26 వస్తే చాలు. మరో మూడింటిలోనూ అంతే. ఒకదానిలో 9 ఉన్నాయి, దానికి 31 కావాలి. ఇంకోదానికి 30. లెక్క వేసుకున్నాక అతను తలెత్తి, "26 అంటే పార్ట్-ఏ పూర్తిగా రాసి, పార్ట్-బిలో రెండు ప్రశ్నలు గట్టిగా రాసినా వచ్చేస్తాయి కదా సార్" అన్నాడు. పార్ట్-ఏలోనే 25 మార్కులుంటాయి. రెండేళ్లుగా అతను మోసిన భయంలో ఈ అంకె ఎక్కడా లేదు.

తర్వాత తేదీలు. వచ్చే నోటిఫికేషన్‌లో ఆ ఆరింటిలో మూడింటికే పరీక్షలున్నాయి. మిగతా మూడూ ఆ తర్వాతి సెమిస్టర్‌తో కలిపి పెడతారు. వాటి కోసం ఈ నెలలో రాత్రి మేలుకోవాల్సిన పనే లేదు. ఆ మూడు పేర్ల చుట్టూ గీత గీసి పక్కన పెట్టించాను. కాగితంలో సగం ఖాళీ అయింది.

మూడో పని, అటెండెన్స్. 75 శాతం ఉండాలి. అంతకు తగ్గి 65 దాకా ఉంటే అనారోగ్యం లాంటి కారణం చూపించి, కండొనేషన్ ఫీజు కట్టి బయటపడొచ్చు. అంతకంటే కిందికి పోతే డిటెయిన్ చేస్తారు. అతనికి 68 ఉంది. ఎన్ని క్లాసులు మిగిలాయో లెక్కపెట్టాం. ఇకపై ఒక్కటీ మానకపోతే 74 దగ్గర తేలతాడు. కండొనేషన్ తప్పదు, ఏడాది మాత్రం పోదు. ఆ సంగతి కూడా కాగితం మీద రాసుకున్నాడు.

మొత్తం నలభై నిమిషాలు పట్టింది. సబ్జెక్టు ఒక్కటీ తగ్గలేదు. లేచేటప్పుడు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నువ్వు ఫోన్‌లో కాకుండా కాగితం మీదే రాయి. ఫోన్ తెరిస్తే మెసేజ్ వస్తుంది, అక్కడి నుంచి రీల్స్, ఆ లెక్క మళ్లీ వెనక్కి పోతుంది. సబ్జెక్టులు, మార్కులు, తేదీలు, కట్టాల్సిన డబ్బు, చెప్పాల్సిన మనుషులు, అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. రాసేటప్పుడు చెయ్యి ఆగే చోటు ఒకటి వస్తుంది. ఆ కుర్రాడికి ఆరో పేరు దగ్గర ఆగినట్టు. అక్కడ లేచి వెళ్లిపోకు. అది కూడా రాసెయ్యి.

ఇంటర్ దాటాక

ఆ కుర్రాడికి ఆరు ఎలా మిగిలాయని చాలామంది అడుగుతారు. తెలివి తక్కువా అంటే కాదు. ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. మన దగ్గర ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో రెండేళ్లు పిల్లలు తెల్లవారుజామున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఎవరో ఒకరు పక్కన నిలబడి చదివిస్తారు. స్టడీ అవర్లో ఏ పుస్తకం తీయాలో, ఏ చాప్టర్ చదవాలో, వారాంతంలో ఏ పరీక్ష రాయాలో అన్నీ వాళ్లే చెబుతారు. ఆ రెండేళ్లలో 'ఇవాళ నేనేం చదవాలి?' అని తనను తాను అడగాల్సిన అవసరం ఆ పిల్లాడికి ఒక్కరోజూ రాలేదు. ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి రోజు నుంచి అడిగేవాళ్లు ఒక్కరూ ఉండరు. గంట మోగదు, వార్డెన్ రాడు. దాన్ని మొదట స్వేచ్ఛ అనుకుంటారు. మొదటి మిడ్ పరీక్షల ముందు రాత్రి అదే భయంగా మారుతుంది.

దీనికి తోడు తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంకో గోడ. పాఠం అర్థం కాకపోతే అది సబ్జెక్టు రాక అర్థం కాలేదా, భాష రాక అర్థం కాలేదా అన్నది వాళ్లకే తేలదు. నాకు తెలిసి చాలాసార్లు భాషే. అలాంటివాళ్లకు నేను చెప్పేది, యూనిట్ మొదలయ్యే ముందు అందులో పదిహేను ముఖ్యమైన మాటలకు తెలుగులో అర్థం రాసుకుని క్లాసుకు రమ్మని. పాత తెలుగు అకాడమీ పుస్తకాలు లైబ్రరీలో దుమ్ముపట్టి ఉంటాయి, వాటిని దించండి. ఎంట్రోపీ అనే మాటకు తెలుగు మాట దొరకకపోయినా, మీ మాటల్లో ఒక వాక్యం రాసుకుంటే క్లాసులో చెవి నిలబడుతుంది. ఒక నెల ఇలా చేసిన పిల్లల్లో చాలామంది మొదటి బెంచీకి రావడం చూశాను.

ఆడపిల్లలకు మరో రకం ఒత్తిడి ఉంటుంది. చాలా పుస్తకాల్లో దాని ఊసే ఉండదు. సప్లీ ఉందని చెబితే, "ఇంక చదివింది చాల్లే, సంబంధాలు చూస్తాం" అంటారేమోననే భయం. మగపిల్లలకు సప్లీ అంటే పోయిన సబ్జెక్టు. ఈ అమ్మాయిలకు సప్లీ అంటే పోబోయే చదువు. ఆ భయం ఊహ కాదు, అలా మానిపించిన ఇళ్లు నాకు తెలుసు. అలాంటప్పుడు నేరుగా ఇంట్లో చెప్పే ముందు, ఇంట్లో మాట చెల్లే ఒక మనిషిని చూసుకోవాలి. పిన్ని కావొచ్చు, మేనమామ కావొచ్చు, చదువుకున్న అక్క కావొచ్చు. లెక్క చెప్పేటప్పుడే, ఏ నెలకు ఎన్ని పూర్తవుతాయో ఆ కాగితం కూడా చూపించాలి. మా కాలేజీలో ఒక మేడమ్ ఇలాంటి ఇద్దరమ్మాయిల ఇళ్లకు తనే ఫోన్ చేసి మాట్లాడారు. ఇద్దరూ డిగ్రీ పూర్తి చేశారు.

పుస్తకం మూసి చదవడం

పరీక్షకు ముందు వచ్చే భయంలో చాలా భాగం, చదివాను గానీ గుర్తుందో లేదో తెలియకపోవడం నుంచి వస్తుంది. జిరాక్స్ షాపులో తెచ్చిన ఇంపార్టెంట్ కొచ్చెన్ల కట్టను మూడుసార్లు తిరగేస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది. హాల్లో కూర్చున్నాక బుర్ర ఖాళీ. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వశాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ చదివారు. కొందరు పాఠం పక్కన పెట్టి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పెడితే, చూడకుండా రాసినవాళ్లు చాలా ముందున్నారు. మన పరీక్షలు ఐదు నిమిషాల తర్వాత ఉండవు.

కాబట్టి ఒక ప్రశ్న చదివావా, పుస్తకం మూసి, రఫ్ నోట్సులో చూడకుండా రాయి. బొమ్మ ఉంటే బొమ్మ గీయి. ఎక్కడ ఆగిందో అక్కడ పుస్తకం తెరువు. రెండు రోజులాగి మళ్లీ రాయి. మొదటిసారి చాలా చిరాకుగా ఉంటుంది, ఏమీ రానట్టు అనిపిస్తుంది. ఆ చిరాకు హాల్లో రావాల్సింది, నీ గదిలోనే వచ్చిపోతోంది.

నైట్ అవుట్ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. పరీక్ష ముందు రాత్రి మేలుకోవడం మన హాస్టళ్లలో ఒక ఆచారంలా తయారైంది. పగలు చదివినది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర తీసేస్తే చదివినదాంట్లో కొంత చేతులారా పారబోసినట్టే. నీ వయసుకు ఏడు గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి. రాత్రి తొమ్మిదింటికి హాస్టల్ ముందు బండి దగ్గర తాగిన స్ట్రాంగ్ టీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి ఇంచుమించు ఐదు గంటలు పడుతుంది. అంటే రెండింటికి కూడా సగం నీ ఒంట్లోనే ఉంది. అలసట పుట్టించే అడినోసిన్‌ని అది పని చేయనివ్వదు, పోగొట్టదు. అందుకే పొద్దున్నే అంతా ఒక్కసారిగా మీద పడుతుంది. టీ సాయంత్రం ఐదు లోపల తాగెయ్యి. పరీక్ష ముందు రోజు పదకొండింటికి పుస్తకం మూసెయ్యి.

హాల్లో పేపరు చూడగానే గుండె దడదడలాడితే ఈ ఒక్క పని చెయ్యి. ఎడమ మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు పెట్టి నాడి పట్టుకో. మనసులో నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చు. ఏడెనిమిది లెక్కపెడుతూ మెల్లగా వదులు. గాలి వదిలేటప్పుడు నాడి కొంచెం నెమ్మదిస్తుంది, చాలామందికి అది వేలి కింద తెలుస్తుంది కూడా. ఇలా పదిసార్లు. రెండు నిమిషాలు పోతాయి, మూడు గంటల పేపర్లో అవి నష్టం కాదు. తర్వాత మొదటి ప్రశ్న దగ్గర కాకుండా, బాగా వచ్చిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టు.

డబ్బు

ఊపిరి లెక్కపెట్టుకుంటే ఫీజు బాధ తీరదు. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై, కాలేజీ హాల్ టికెట్ ఆపితే వచ్చే ఒత్తిడి నీ మనసులో పుట్టింది కాదు, నీ తప్పు అంతకన్నా కాదు. దాన్ని ధ్యానంతో పోగొట్టుకోమని చెప్పడం అన్యాయం. నువ్వు చేయగలిగింది, ఒక్కడివే అకౌంట్స్ సెక్షన్ కిటికీ ముందు నిలబడకపోవడం. అదే ఇబ్బంది ఉన్న నలుగురు కలిసి ప్రిన్సిపాల్‌కి అర్జీ రాయండి, అందినట్టు సంతకం తీసుకోండి. బకాయి కోసం సర్టిఫికెట్లు ఆపుతామంటే, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాటను అర్జీలో మర్యాదగా రాయొచ్చు. ఇది కూడా 'ఏ' పెంచడమే.

ఇక్కడ ఆగవద్దు

కొన్నిసార్లు బరువు కాగితానికి, స్నేహితుడికి, మెంటర్‌కి మించిపోతుంది. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉంటే, క్రికెట్టూ సినిమా సహా దేని మీదా మనసు పోకపోతే, తిండీ నిద్రా తారుమారైతే అది జబ్బు కావొచ్చు. జ్వరానికి వెళ్లినట్టే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో, మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి ఓపీ ఉంటుంది. హైదరాబాదులో ఎర్రగడ్డలో, విశాఖలో చినవాల్తేరులో ఇందుకోసమే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. ఆ పేర్లు మనవాళ్లు ఎగతాళికి వాడుకుంటారు. అలా వాడొద్దని నా క్లాసులో గట్టిగానే చెబుతాను. ఆ ఎగతాళి వల్ల వైద్యం అవసరమైనవాళ్లు గడప దాకా వెళ్లి వెనక్కి వస్తున్నారు.

'నేను లేకపోతే అందరికీ బాగుంటుంది' అనే ఆలోచన వస్తే, ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండకు. అర్ధరాత్రి అయినా సరే, పక్క మంచం మీదవాణ్ణి లేపి, "నాకు ఇలా అనిపిస్తోందిరా" అని ఆ మాటే చెప్పు. 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నీ స్నేహితుడు నిన్ను లేపి ఈ మాట చెబితే నీతులు చెప్పకు, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకు. పక్కన కూర్చో, తెల్లారేదాకా వదలకు, పెద్దవాళ్లకు చెప్పు.

విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసు విచారిస్తూ, 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టాలని చెప్పింది. మీ కాలేజీలో ఉన్నారా? ఉంటే ఏ గదిలో, ఏ వేళల్లో ఉంటారు? ఈ రెండు ప్రశ్నలూ రేపు ఆఫీసులో అడుగు. నీకు అవసరం లేకపోయినా అడుగు.

ఫోన్

చివరికి ఇంటికి చెప్పే సంగతి. అందరి నాన్నలూ మా నాన్నలా ఉండరని నాకు తెలుసు. కేకలు వేసేవాళ్లున్నారు, వారం మాట్లాడనివాళ్లున్నారు. మీ ఇంట్లో ఎవరితో మొదలుపెట్టాలో నీకే బాగా తెలుసు. చెప్పేటప్పుడు అంకె ముందు చెప్పు. "కొన్ని ఉన్నాయి" అంటే వాళ్లు పది ఊహించుకుంటారు. ఆ వెంటనే తేదీలు చెప్పు. కారణాలు వాళ్లు అడిగితేనే చెప్పు. పొద్దున పనుల్లో ఉన్నప్పుడు కాదు, రాత్రి అన్నాలయ్యాక ఫోన్ చెయ్యి.

ఆ మెకానికల్ కుర్రాడు తర్వాతి సోమవారం మళ్లీ నా గదికి వచ్చాడు. ఇంటికి చెప్పలేదన్నాడు. రెండుసార్లు ఫోన్ తీసి, "అన్నం తిన్నావా అమ్మా" అని అడిగి పెట్టేశాడట. "ఇక్కడి నుంచి చేస్తావా?" అన్నాను. కాసేపు కాగితం మడతలు విప్పుతూ కూర్చున్నాడు. తర్వాత చేశాడు. నేను బయటికి వెళ్లబోతే, "ఉండండి సార్" అన్నాడు.

"అమ్మా, నాకు ఆరు సబ్జెక్టులు ఉండిపోయాయి. మూడు ఈ డిసెంబరులో రాస్తా. మూడు జూన్‌లో." ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. కుట్టు మిషను చప్పుడు ఒకటి ఆగినట్టు అనిపించింది. తర్వాత ఆమె గొంతు నాక్కూడా వినిపించింది.

"ఫీజు ఎంత కట్టాలి? ఎప్పటిలోగా?"

అతను కాగితం చూసి తేదీ చెప్పాడు.